కేసు రాకముందే క్రిమినల్ లాయర్ని చూసి పెట్టుకోవడం

ప్రభుత్వ ఉద్యోగి ఎవరైనా అరెస్టయి 48 గంటలు దాటి కస్టడీలో ఉంటే సస్పెండ్ అయినట్టే లెక్క. కేసు నిజమా, అబద్ధమా అన్నది ఆ రూలు అడగదు. మన దగ్గర 1991 నాటి సీసీఏ రూల్స్‌లో (ప్రభుత్వ ఉద్యోగుల క్రమశిక్షణ రూల్స్) 8వ రూలు ఇదే చెబుతుంది, కేంద్ర ఉద్యోగులకూ ఇలాంటిదే ఉంది. శుక్రవారం సాయంత్రం తీసుకెళ్లి శనివారం రిమాండుకి పంపారనుకోండి. ఆదివారం సెలవు. సోమవారం బెయిల్ పిటిషన్ వేసి, పి.పి. (ప్రభుత్వం తరఫు లాయరు) గారికి నోటీసిచ్చి, ఆయన స్టేషన్ నుంచి వివరాలు తెప్పించుకునేసరికే ఆ 48 గంటలు ఎప్పుడో దాటిపోతాయి. ప్రైవేటు ఉద్యోగికి ఈ రూలు లేకపోయినా పాస్‌పోర్టు ఉంది. కోర్టు కేసుని విచారణకు తీసుకున్నాక రెన్యువల్ కావాలంటే ఆ కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. ఆర్డరులో గడువు రాయించకపోతే ఏడాదికే ఇస్తారు.

నాలుగేళ్ల తర్వాత కేసు కొట్టేసినా మొదటి రెండు రోజుల్లో పోయింది చాలావరకు తిరిగి రాదు. మనవాళ్లు లాయర్ని వెతికేదేమో సరిగ్గా ఆ రెండు రోజుల్లోనే. బావమరిది స్నేహితుడు చెప్పిన పేరు, స్టేషన్ బయట టీ కొట్టు దగ్గర కానిస్టేబుల్ చెవిలో వేసిన పేరు, యూట్యూబ్‌లో గట్టిగా మాట్లాడే పేరు, వీటిలో ముందు ఎవరు ఫోనెత్తితే వాళ్లే మన లాయరు. ఇలా కాకుండా తీరిగ్గా ఉన్నప్పుడే, మూడు నాలుగు పూటలు ఖర్చుపెట్టి ఒక మనిషిని ఎలా ఎంచుకోవచ్చో ఇక్కడ రాస్తున్నాను. చెప్పేదంతా రెండు తెలుగు రాష్ట్రాల కోర్టుల గురించే.

"మేమేం తప్పు చేశాం, మాకెందుకు క్రిమినల్ లాయరు" అనేవాళ్లకి ఒక మాట. మామూలు ఇళ్లకి కేసులు వచ్చేది హత్యల వల్లా దోపిడీల వల్లా కాదు. బండి ఎవరికో తగిలి మనిషి చనిపోవడం, చెల్లని చెక్కు, అన్నదమ్ముల గట్టు తగాదా, కోడలు పెట్టిన కేసులో ఊళ్లో ఉన్న ఆడపడుచు పేరు, సైబర్ మోసగాళ్ల సొమ్ము చేతులు మారి మన ఖాతాలో పడి ఖాతా ఫ్రీజ్ అయి పక్క రాష్ట్రం పోలీసుల నుంచి నోటీసు రావడం, వాట్సాప్ గ్రూపులో ఫార్వర్డ్ చేసిన ఒక పోస్టు. సైట్‌లో కూలీ పడిపోతే కాంట్రాక్టరు మీద కేసు. ఆపరేషన్ వికటిస్తే డాక్టరు మీద కేసు. (డాక్టర్లని మామూలు కేసుల్లో లాగా వెంటనే అరెస్టు చేయొద్దని సుప్రీంకోర్టు 2005లోనే జేకబ్ మాథ్యూ కేసులో చెప్పింది. ఆ సంగతి స్టేషన్‌లో గుర్తుచేసే మనిషి పక్కన ఉండాలి కదా.)

ముందు కోర్టు, తర్వాత లాయరు

హైదరాబాద్‌లో పేరు మోసిన లాయరు కరీంనగర్ మేజిస్ట్రేట్ ముందు కొత్తవాడే. కేసు ఏ స్టేషన్‌లో నమోదైతే ఆ స్టేషన్ ఏ కోర్టు కింద ఉందో అక్కడికే రిమాండు వెళ్తుంది. అందుకే మీ ఇంటి స్టేషన్, మీ ఆఫీసో షాపో ఉన్న స్టేషన్, ఊళ్లో పొలం ఉంటే ఆ మండలం స్టేషన్, ఈ మూడూ ఏ కోర్టు కిందకి వస్తాయో ముందు తెలుసుకోండి. దీనికి ఎవరినీ అడగక్కర్లేదు. ఈకోర్ట్స్ సర్వీసెస్ వెబ్‌సైటులో రాష్ట్రం, జిల్లా, కోర్టు కాంప్లెక్స్ ఎంచుకుని ఎఫ్ఐఆర్ నంబరుతో వెతికే చోటికి వెళ్తే, ఆ కాంప్లెక్స్ కిందున్న పోలీస్ స్టేషన్ల పేర్లన్నీ వరసగా కనిపిస్తాయి. మీ స్టేషన్ ఆ జాబితాలో ఉంటే మీ కోర్టు అదే.

హైకోర్టులో పని పడితే, ముందస్తు బెయిల్‌కో, కేసే కొట్టేయమనే క్వాష్ పిటిషన్‌కో, అక్కడ వేరే లాయరు కావాలి. తెలంగాణకి హైదరాబాద్, ఆంధ్రాకి 2019 జనవరి 1 నుంచి అమరావతి. మంచి జిల్లా లాయరుకి హైకోర్టులో తనకు నమ్మకమున్న వాళ్లు ఒకరిద్దరు ఉంటారు. కాబట్టి మీరు వెతకాల్సింది కింది కోర్టు మనిషిని.

రికార్డు ఏం చెబుతుంది

అదే వెబ్‌సైటులో అడ్వకేట్ పేరుతో వెతికే చోటు ఉంది. పేరుతోగానీ బార్ రిజిస్ట్రేషన్ నంబరుతోగానీ వెతకొచ్చు, నడుస్తున్న కేసులూ ముగిసినవీ విడివిడిగా చూడొచ్చు. పేరుతో వెతికితే చిక్కు ఏంటంటే, శ్రీనివాసరావు అన్న పేరు గుమస్తాలు నాలుగు రకాల ఇంగ్లీషు స్పెల్లింగులతో ఎక్కించి ఉంటారు, పైగా ఆ పేరుతో అదే బార్‌లో ఇంకో ముగ్గురుంటారు. ఎన్‌రోల్‌మెంట్ నంబరు, అంటే ఆ బార్ రిజిస్ట్రేషన్ నంబరే, తెలిస్తే ఈ గోల తగ్గుతుంది. విజిటింగ్ కార్డు మీద, ఆయన వేసిన ఏ వకాల్తా (క్లయింటు తరఫున వాదించడానికి కోర్టులో ఇచ్చే కాగితం) మీదైనా ఆ నంబరు ఉంటుంది.

జాబితా వచ్చాక కేసుల రకం చూడండి. సి.సి. అంటే మేజిస్ట్రేట్ దగ్గర నడిచే కేసు, ఎస్.సి. అంటే సెషన్స్ కేసు, క్రిమినల్ ఎం.పి. అంటే బెయిల్ లాంటి పిటిషన్లు. జాబితా నిండా ఓ.ఎస్.లే, అంటే సివిల్ దావాలే ఉంటే ఆయన సివిల్ లాయరు. మీ పొలం దస్తావేజు ఆయన ఎంత బాగా చూసినా, అర్ధరాత్రి స్టేషన్ పని వేరే. గెలుపు శాతం మాత్రం లెక్కెయ్యకండి. మన కోర్టుల్లో కేసులు కొట్టేయడానికి సాక్షులు అడ్డం తిరగడం, లోక్ అదాలత్‌లో రాజీ పడటం లాంటి కారణాలు బోలెడు. ఆ అంకెలో లాయరు వాటా ఎంతో తేల్చడం మీ వల్ల కాదు, నా వల్లా కాదు.

చూడాల్సింది వాయిదాల చరిత్ర. ఏదైనా కేసు తెరిచి ఒక వాయిదా తేదీ మీద నొక్కితే ఆ రోజు కోర్టులో జరిగింది రెండు లైన్లలో కనిపిస్తుంది. "ఎ1 కాల్డ్ ఆబ్సెంట్, నో రిప్రజెంటేషన్, ఇష్యూ ఎన్‌బీడబ్ల్యూ" (పిలిస్తే మొదటి ముద్దాయి లేడు, అతని తరఫున ఎవరూ రాలేదు, నాన్ బెయిలబుల్ వారెంటు ఇవ్వండి) అన్న లైను ఒక లాయరు కేసుల్లో పదే పదే కనిపిస్తే అక్కడే ఆగిపోండి. ముద్దాయి రాలేని రోజు లాయరు హాజరు మినహాయింపు పిటిషన్ వెయ్యాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ చట్టం సీఆర్‌పీసీలో 317వ సెక్షన్, ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 355. కోర్టు భాషలో ఇప్పటికీ దాన్ని "త్రీ సెవెన్టీన్" అనే అంటారు. అది ఒక పేజీ కాగితం. అది కూడా వెయ్యకుండా వారెంటు పడనిచ్చాడంటే కేసుని గాలికొదిలేశాడని అర్థం. ఒక్క కేసులో అయితే క్లయింటే డబ్బు ఎగ్గొట్టి మాయమై ఉండొచ్చు, అందుకే కనీసం పదిహేను ఇరవై కేసులు తెరిచి చూడండి. ఒక జాగ్రత్త: జూనియర్ పేరు మీద నమోదైన కేసులు సీనియర్ జాబితాలో రావు. జాబితా చిన్నగా ఉన్నంత మాత్రాన కొట్టిపారేయొద్దు.

వెనక బెంచీ మీద ఒక పూట

క్రిమినల్ కోర్టులో విచారణ బహిరంగం. లైంగిక నేరాల కేసులు, పోక్సో లాంటివి తప్ప మిగతావి ఎవరైనా కూర్చుని చూడొచ్చు. నాంపల్లి అయినా, విజయవాడ అయినా, మీ తాలూకా కోర్టు అయినా పదిన్నరకల్లా లోపల ఉండండి, ఫోన్ ఆపేయండి. పొద్దున కాల్‌వర్క్‌లో కేసులన్నీ వరసగా పిలుస్తారు, అసలు సరుకు అప్పుడే బయటపడుతుంది. పిలిచినప్పుడు ఆయన హాల్లో ఉన్నారా, జూనియర్ "పాస్ ఓవర్ సర్" (కాసేపాగి పిలవండి) అని పరుగెత్తుకొస్తున్నారా? వచ్చిన జూనియర్‌కి కేసు ఏ దశలో ఉందో తెలుసా? మధ్యాహ్నం ట్రయల్ ఉంటే ఇంకా మంచిది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో గొంతు పెంచేవాళ్లకంటే, "మీరు పోలీసులకిచ్చిన వాంగ్మూలంలో ఈ మాట లేదు కదా" అని కాగితం చూపించి అడిగి, ఆ జవాబు రికార్డులోకి ఎక్కేదాకా ఆగి, తర్వాతి ప్రశ్నకి వెళ్లేవాళ్లు నాకు ఎక్కువ నచ్చుతారు. అప్పీలుకి పనికొచ్చేది ఆ ఎక్కిన మాటే.

ఇంకో చిన్న గుర్తు. కోర్టు సిబ్బందితో, అసిస్టెంట్ పి.పి. గారితో ఆయన మర్యాదగా ఉంటారా అని చూడండి. సంతకం కోసం సాయంత్రం ఐదు గంటల దాకా పడిగాపులు పడాల్సిన రోజున ఈ మర్యాద పనికొస్తుంది.

ముఖాముఖి

ఇద్దరు ముగ్గురిని ఇలా వడపోశాక ఆఫీసుకి వెళ్లి మాట్లాడండి. కన్సల్టేషన్ ఫీజు ఇచ్చే మాట్లాడండి, ఊరికే వద్దు. "కేసేం లేదు సార్, రేపు ఏదైనా అవసరమైతే మీ దగ్గరికి రావచ్చా అని" అంటే చాలామంది నవ్వుతారు, కొందరు సంతోషిస్తారు. అడగాల్సినవి ఇవి.

"35(3) నోటీసు వస్తే ఏం చెయ్యాలి సార్?" పోలీసులు స్టేషన్‌కి రమ్మని బీఎన్‌ఎస్‌ఎస్ కింద ఇచ్చే నోటీసు ఇది, ఇదివరకటి 41ఎ నోటీసు ఇదే. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో పోలీసులు యాంత్రికంగా అరెస్టు చేయకూడదని 2014లో అర్నేష్ కుమార్ తీర్పు చెప్పింది. ఆ కేసుల్లో ముందు వచ్చేది ఈ నోటీసే. మంచి జవాబు ఇలా ఉంటుంది: చెప్పిన తేదీకి వెళ్లాలి, వెళ్లినట్టు రాయించుకోవాలి, వెళ్లలేకపోతే కారణంతో రాతపూర్వకంగా గడువు అడగాలి, అడిగిన కాగితాల నకళ్లు ఇచ్చి అందినట్టు సంతకం తీసుకోవాలి. నోటీసు పాటిస్తున్నంత కాలం, కారణాలు రాస్తే తప్ప అరెస్టు చేయడానికి లేదు. వాట్సాప్‌లో పంపితే నోటీసు ఇచ్చినట్టు కాదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టం చేసింది. అయినా వాట్సాప్‌లో వచ్చిందని పక్కన పడెయ్యకుండా వెంటనే తనకు పంపమనే లాయరు తెలివైనవాడు. "ఏం వెళ్లొద్దు, నేను చూసుకుంటా" అనేవాళ్ల దగ్గర్నుంచి లేచి వచ్చెయ్యండి.

"పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మీద సంతకం పెట్టమంటే?" బీఎన్‌ఎస్‌ఎస్ 181 ప్రకారం దర్యాప్తులో ఇచ్చిన వాంగ్మూలం మీద సంతకం తీసుకోకూడదు. అరెస్టు మెమో, పంచనామా లాంటివి వేరే, వాటి మీద సంతకాలుంటాయి. ఏది ఏదో మీకు రెండు నిమిషాల్లో అర్థమయ్యేట్టు చెప్పగలగాలి. తెల్లకాగితం మీద మాత్రం ఎవరు చెప్పినా సంతకం వద్దు.

మూడో ప్రశ్న కాస్త కొంటెది. "482 అంటే ఏంటి సార్?" 2024 జూలై 1 దాకా 482 అంటే హైకోర్టులో కేసు కొట్టేయమని వేసే క్వాష్ పిటిషన్. ఆ రోజు నుంచి, కొత్త చట్టంలో 482 అంటే ముందస్తు బెయిల్, క్వాష్ 528కి వెళ్లింది. "పాతదా కొత్తదా" అని ఎదురు ప్రశ్న వేశారంటే ఆయన పుస్తకం తిరగేస్తున్నట్టే. కొత్త చట్టం తెచ్చిన గడువులు ఇంకా చాలామందికి అలవాటు కాలేదు. మేజిస్ట్రేట్ దగ్గర వారెంట్ కేసులో (రెండేళ్లకు మించి శిక్ష పడేది) డిశ్చార్జి పిటిషన్, అంటే ట్రయల్‌కి ముందే వదిలేయమనే పిటిషన్ వెయ్యాలంటే కేసు కాగితాలు చేతికందిన 60 రోజుల్లోపే వెయ్యాలి. ఇంతకుముందు అలాంటి గడువు లేదు. ఈ తేదీని ఆఫీసు డైరీలో ఎవరు రాసుకుంటారని అడగండి.

ఆ తర్వాతివి ఇంటి సంగతులే. రాత్రి పదకొండింటికి ఫోన్ చేస్తే ఎత్తేదెవరు? మీరు ఊళ్లో లేకపోతే స్టేషన్‌కి వచ్చే జూనియర్ ఎవరు, ఆయన నంబరేంటి? మే నెల వేసవి సెలవుల్లో వెకేషన్ కోర్టు పని చూస్తారా? ప్రశ్నించేటప్పుడు తనకు నచ్చిన లాయర్ని కలిసే హక్కు ముద్దాయికి బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 38 ఇస్తుంది. విచారణ పొడుగునా పక్కన కూర్చోనివ్వరు గానీ మధ్యలో కలవొచ్చు. ఆ హక్కు వాడుకోవాలంటే అంత రాత్రి స్టేషన్ మెట్లెక్కే మనిషి ఉండాలి. పెద్ద పేర్లున్న చాలామంది ఇక్కడే తేలిపోతారు.

పారిపోవాల్సిన మాటలు

"బెయిల్ గ్యారంటీ." ఎవరూ ఇవ్వలేరు. "జడ్జిగారు మనవాడే." అబద్ధమైతే మోసం, నిజమైతే ఇంకా ప్రమాదం. "ఫోన్‌లో చాట్లన్నీ డిలీట్ చేసెయ్." సాక్ష్యం మాయం చేయడం విడిగా ఇంకో నేరం, లేని కేసు తెచ్చుకున్నట్టు. "స్టేషన్ ఖర్చులకి కొంచెం పంపండి." లంచం ఇచ్చినవాడు కూడా నేరస్థుడేనని 2018 సవరణ తర్వాత అవినీతి నిరోధక చట్టం చెబుతోంది. బలవంతం మీద ఇచ్చి ఏడు రోజుల్లో ఫిర్యాదు చేస్తేనే మినహాయింపు. ఏడేళ్ల లోపు కేసులో నోటీసుకి జవాబిస్తే సరిపోయే చోట "వెంటనే హైకోర్టులో ముందస్తు బెయిల్ వేద్దాం" అని తొందరపెట్టేవాళ్లనీ అనుమానించండి. అలాంటి పిటిషన్లలో హైకోర్టు చాలాసార్లు 35(3) ప్రకారం నడుచుకోమని పోలీసులకు చెప్పి ముగిస్తుంది.

లాయర్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదని, కేసుల కోసం మనుషుల్ని పెట్టి వెతుక్కోకూడదని బార్ కౌన్సిల్ 36వ రూలు. కోర్టు గేటు దగ్గర "ఏం కేసు సార్" అని చేయి పట్టుకునే దళారి ద్వారా వచ్చిన లాయరు ఆ రూలు తప్పినవాడే, మీ ఫీజులో దళారి వాటా కూడా ఉంటుంది.

ఫీజు, వకాల్తా

క్రిమినల్ కేసు ఫీజుని దశలవారీగా మాట్లాడుకోవాలి: ముందస్తు బెయిల్ లేదా రిమాండు తర్వాత బెయిల్, ఛార్జిషీటు దాకా స్టేషన్ పనులు, క్వాష్ లేదా డిశ్చార్జి, ట్రయల్, అప్పీలు. "కేసు మొత్తానికి ఇంత" అని ఒకే మాటగా ఒప్పుకుంటే గొడవ వచ్చేది ట్రయల్ మొదలయ్యే రోజున. అప్పటికి మూడేళ్లు గడిచి ఉంటాయి, ఆయన మరో విడత అడుగుతారు, మీరు ఇచ్చేశామంటారు. గుమస్తా ఖర్చులు, జిరాక్సులు, సర్టిఫైడ్ కాపీలు ఫీజులో కలిశాయో లేదో కూడా అడగండి. గెలిస్తే ఇంత అన్న ఒప్పందం బార్ కౌన్సిల్ రూల్స్‌కి విరుద్ధం. డబ్బు యూపీఐలోనో చెక్కుగానో ఇచ్చి, ఏ దశకి ఇచ్చారో ఒక్క లైను మెసేజ్ పెట్టండి.

ఖాళీ వకాల్తాల మీద "ఎందుకైనా మంచిది" అని ముందే సంతకాలు పెట్టి ఇచ్చే అలవాటు నాకు నచ్చదు. దాని అవసరం కూడా తక్కువ. అరెస్టయిన మనిషి సంతకాన్ని మేజిస్ట్రేట్ ముందు హాజరుపరిచినప్పుడు తీసుకోవచ్చు, తర్వాత జైలు సూపరింటెండెంటు ద్వారా తెప్పించుకోవచ్చు. డిజిగ్నేటెడ్ సీనియర్ అడ్వకేట్‌ని (కోర్టు ఆ హోదా ఇచ్చిన పెద్ద లాయర్ని) పెట్టుకుంటామంటే, ఆయన వకాల్తా వెయ్యరు. మధ్యలో ఇంకో లాయరు ఉండాలి, అంటే రెండు ఫీజులు. బెయిల్ దశలో అంత అక్కర్లేదని నా అభిప్రాయం.

కొన్ని కేసులకి మామూలు క్రిమినల్ లాయరు చాలరు. గంజాయి కేసులో చిన్న పరిమాణం కిలో దాకా, వాణిజ్య పరిమాణం 20 కిలోలు. అది దాటితే మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం 37వ సెక్షన్ కింద బెయిల్ గగనం, అక్కడ వాదన అంతా సోదా ఎలా జరిగింది, శాంపిళ్లు మేజిస్ట్రేట్ ముందు తీశారా అన్న దాని మీదే నడుస్తుంది. లంచం తీసుకుంటుండగా పట్టుకునే ఏసీబీ ట్రాప్ కేసుల్లో నోట్లకి పూసే ఫినాఫ్తలీన్ పౌడరు, చేతులు ముంచితే గులాబీ రంగుకి తిరిగే ద్రావణం, ముందు రాసిన పంచనామా, తర్వాత రాసిన పంచనామా, వీటిలో ఏ కాగితం ఏ నిమిషంలో రాశారో పట్టి చూసేవాళ్లు కావాలి. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కేసుల్లో ముందస్తు బెయిల్‌కి 18వ సెక్షన్ అడ్డం. ప్రాథమికంగా నేరమే కనిపించనప్పుడు మాత్రం ఆ అడ్డు వర్తించదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రభుత్వ ఉద్యోగులు మీ లాయర్ని ఇప్పుడే అడిగి ఉంచండి, ఏసీబీ పని చేసే మనిషి మీకెవరు తెలుసని.

కంపెనీలో పనిచేసేవాళ్లకు ఒక హెచ్చరిక. కంపెనీ లాయరు కంపెనీకే లాయరు. తప్పు కంపెనీదా మేనేజరుదా అన్న ప్రశ్న వచ్చిన రోజున ఆయన ఎటు నిలబడతారో చెప్పక్కర్లేదు. కుటుంబ కేసుల్లోనూ ఇదే: భర్త, అత్త, మామ, ఆడపడుచు అందరికీ ఒకే లాయరు మామూలే గానీ, దూరంగా ఉండే ఆడపడుచుకి విడిగా క్వాష్ వెయ్యగల దారి ఉంటే ఆమె గురించి విడిగా ఆలోచించేవాళ్లు కావాలి. లాయరుతో నిజం మాట్లాడండి, అదీ బంధువులు పక్కన లేనప్పుడు. మీరు చెప్పింది మీ అనుమతి లేకుండా ఆయన బయటపెట్టకూడదని కొత్త సాక్ష్య చట్టం 132వ సెక్షన్ చెబుతుంది. జరగబోయే నేరానికి సలహా అడిగితే మాత్రం ఆ రక్షణ లేదు.

ఇంట్లో ఉంచాల్సినవి

స్టేషన్‌లో ముందు పోయేది ఫోను. అందుకే లాయరు, జూనియర్, గుమస్తా నంబర్లు కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి, ఇంట్లో ఒకరికి కంఠతా వచ్చి ఉండాలి. కుటుంబంలో లాయరుతో మాట్లాడే మనిషి ఒక్కరే ఉండాలి. ఎనిమిది మంది ఎనిమిది రకాలుగా ఫోన్ చేస్తే ఆయన పని ఆగిపోతుంది. ఆ ఒక్కరు ఫోన్‌లో చెప్పాల్సినవి: ఏ స్టేషన్, క్రైమ్ నంబరు, సెక్షన్లు, దర్యాప్తు అధికారి పేరు, ఇంటి నుంచి సరిగ్గా ఎన్ని గంటలకి తీసుకెళ్లారు. ఆఖరిది మర్చిపోకండి. 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలన్న లెక్క మనిషిని పట్టుకున్న క్షణం నుంచి మొదలవుతుందని, కాగితంలో అరెస్టు చూపించిన టైము నుంచి కాదని తెలంగాణ హైకోర్టు చెప్పింది. వీలైతే సీసీ కెమెరా ఉన్న పక్కింటి వాళ్లని ఆ రికార్డింగు తుడిచేయొద్దని అడగండి. ఆడవాళ్లని సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు అరెస్టు చేయడానికి లేదు. అసాధారణ పరిస్థితి ఉంటే మహిళా అధికారి మేజిస్ట్రేట్ అనుమతి ముందుగా తీసుకోవాలి.

బెయిల్ వచ్చినా మనిషి బయటికి రాకపోవడానికి మామూలుగా కారణం జామీన్లు. కోర్టు సాధారణంగా ఇద్దరు ష్యూరిటీలని అడుగుతుంది. ఇంటి పన్ను రసీదు, ఆస్తి విలువ సర్టిఫికెట్, ఆధార్, ఉద్యోగి అయితే జీతం సర్టిఫికెట్, ఏం కావాలో కోర్టుని బట్టి కొంచెం మారుతుంది. ఆర్డరు మధ్యాహ్నం మూడింటికి వస్తే, ఆ కాగితాలు అప్పటికప్పుడు చేతిలో లేకపోతే, ఇంకో రాత్రి జైల్లోనే. వారాంతమైతే మూడు రాత్రులు. కాబట్టి మీకు జామీను ఉండే ఇద్దరెవరో ఇప్పుడే అడిగి పెట్టుకోండి, వాళ్ల పన్ను రసీదులు ఈ ఏడాదివి ఉన్నాయేమో చూడండి. వేరే జిల్లా వాళ్లని జామీనుగా తీసుకోనంటే 1978 నాటి మోతీరామ్ తీర్పు చూపించమని లాయరుకి గుర్తుచేయొచ్చు. కోర్టు దగ్గర డబ్బుకి దొరికే జామీనుదారుల జోలికి మాత్రం వెళ్లొద్దు. దొంగ కాగితాలు బయటపడితే బెయిల్ పోవడమే కాదు, మీ మీద కొత్త కేసు.

పక్క రాష్ట్రంలో ఎఫ్ఐఆర్ అయితే ఇక్కడి సెషన్స్ కోర్టుగానీ హైకోర్టుగానీ కొద్ది రోజులకి ముందస్తు బెయిల్ ఇవ్వొచ్చని 2023లో ప్రియా ఇండోరియా తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ గడువులో అక్కడి కోర్టుకి వెళ్లాలి. వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకుని "డిజిటల్ అరెస్ట్" అనేవాడు మాత్రం దొంగ. అలాంటి అరెస్టు చట్టంలో లేదు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అమెరికాలో ఉన్న మన పిల్లలకి లెక్క వేరు. షాపులో వస్తువు తీసుకున్నారన్న చిన్న కేసులో నేరం ఒప్పుకుని జరిమానా కట్టేస్తే కోర్టులో పని అయిపోతుంది, వీసా దగ్గర అసలు చిక్కు మొదలవుతుంది. నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ప్రమాదముంటే ఆ సంగతి క్లయింటుకి చెప్పడం లాయరు బాధ్యతేనని 2010లో అక్కడి సుప్రీంకోర్టు పడిల్లా కేసులో చెప్పింది. ఆ రాష్ట్రం బార్ వెబ్‌సైటులో లైసెన్సు, క్రమశిక్షణ చర్యలు చూసుకుని, ఇమిగ్రేషన్ లాయరుతో కలిసి పనిచేసే డిఫెన్స్ లాయరు నంబరు చేరిన మొదటి నెలలోనే రాసి పెట్టుకోవాలి.

డబ్బు పెట్టుకోలేనివాళ్లకి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, 15100కి ఫోన్ చేయొచ్చు. ఆడవాళ్లు, ఎస్సీ ఎస్టీలు, కస్టడీలో ఉన్నవాళ్లు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయర్ని అడగొచ్చు. లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ వ్యవస్థ వచ్చిన జిల్లాల్లో క్రిమినల్ కేసులే చూసే పూర్తికాలపు లాయర్లు ఉంటారు. కోర్టు ఆవరణలోనే ఆఫీసు, ఒకసారి వెళ్లి చూసి రండి. ఊరికే వచ్చేది కదా అని తీసిపారేయొద్దు, వీళ్లు రోజూ అదే కోర్టులో నిలబడేవాళ్లు.

ఇంత చూసి పెట్టుకున్న లాయరూ నచ్చకపోవచ్చు. మార్చుకోవచ్చు. పాత లాయరు దగ్గర నో అబ్జెక్షన్ తీసుకుంటే కొత్తవాళ్లు వకాల్తా వేస్తారు. ఆయన ఇవ్వనంటే కోర్టు అనుమతి అడగొచ్చు. ఫీజు బాకీ ఉందని ఫైలు పట్టుకుని కూర్చోవడానికి లాయరుకి హక్కు లేదని సుప్రీంకోర్టు 2000లో చెప్పింది, ఫీజు కోసం ఆయన విడిగా దావా వేసుకోవాల్సిందే. అయినా ఫైలు కాగితాలన్నిటికీ ఒక నకలు మొదటి రోజు నుంచే మీ దగ్గర ఉంచుకోండి. లాయరు సేవ వినియోగదారుల చట్టం కిందకి రాదని 2024 మేలో తేలిపోయింది కాబట్టి ఫిర్యాదు ఉంటే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద రాయాలి. అందులో ఎన్‌రోల్‌మెంట్ నంబరు, కేసు నంబరు, డబ్బు ఇచ్చిన తేదీలు ఉండాలి.